ముగ్గుకు గోడలు కట్టిన యంత్రం

తుఫాను అన్నీ ఊడ్చుకుపోయాక ఆ చిన్న దీవి దేశంలో కొత్త చట్టం వచ్చింది. మంత్రికైనా, చెరుకు కొట్టేవాడికైనా ఇంటికి మట్టి ఒకే కొలత. నేల మీద సున్నంతో గీత గీస్తే చాలు, యంత్రం ఆ గీత వెంబడే పాకుతూ ఆ మట్టితో గోడ లేపుతుంది.

పైడమ్మ కొడుకు ముందురోజే ఇంటి గీతలు గీసి ఉంచాడు. తెల్లారి లేచిన పైడమ్మకు, కొత్త ఇల్లు లేస్తుంటే వాకిలి బోసిగా వదలడానికి మనసొప్పలేదు. మిగిలిన సున్నంతో చక్కగా ఎనిమిది రేకుల తామర ముగ్గు వేసింది. యంత్రానికేం తెలుసు? ముందు ఆ ముగ్గుకే నడుమెత్తు గోడలు కట్టి, తర్వాత ఇంటి మీదికి పోయింది. వంటింటి దగ్గరికొచ్చేసరికి మట్టి కాస్తా అయిపోయింది.

"ఓలమ్మో! ఎంత పని సేసినావత్తా! రేపో మాపో వానలు. వంటెక్కడ సెయ్యాల, నీ నెత్తి మీదా?" అంది కోడలు అప్పలకొండ.

పైడమ్మ ముఖం చిన్నబోయింది. వెళ్ళి ముగ్గు గోడల మధ్య ఒక రేకులో పొయ్యి పెట్టి, పైన పాత తెరచాప కప్పింది. సముద్రపు గాలికి మంట కదిలితే ఒట్టు! నవ్వడానికొచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళకూ ఇంకా వంటిళ్ళు లేవు మరి. తలా ఒక రేకులో పొయ్యి వెలిగించేశారు. యంత్రం తోలే అమ్మాయి కూడా అక్కడే చేపల పులుసుతో కడుపునిండా తిన్నది.

"అవ్వా, రేపు పక్క దీవికి పోతున్నాం. వచ్చి అక్కడా ఒక ముగ్గు వేస్తావా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏత్తాను గానీ పిల్లా, ముందు ఆళ్ళ కోడళ్ళనడుగు," అంది పైడమ్మ.

అప్పలకొండ నవ్వు ఆపుకోలేక అత్తకు ఇంకో గరిటె పులుసు పోసింది.