గోమా గోళ్ళు

"దొరికావే, దొంగమొహమా!"

తమాకి చేతిలోని కూరల సంచి గడపలోనే వదిలేసి వసారాలోకి పరుగెత్తింది. అత్తగారి గదికున్న, చెక్క చట్రం మీద కాగితం అతికించిన తలుపుకు అడుగున, నేలకు జానెడు ఎత్తులో కొత్త చిరుగు. ఆ చిరుగులోకి మూతి దూర్చి కూర్చుంది పిల్లి గోమా. మెడ పట్టి వెనక్కి లాగినా కిక్కురుమనలేదు.

"మళ్ళీ చించిందా?" వెనకే వచ్చిన భర్త యసుహిదే బూట్లు విప్పుతూ అరిచాడు. "ఇది ఇల్లా, జల్లెడా? కొత్త సంవత్సరానికి అక్క వస్తోంది. ఆవిడ నోరు తెలుసుగా?"

"తెలీకేం! అమ్మను ఎలా చూసుకుంటున్నారో తలుపులే చెబుతున్నాయంటుంది. ఆ మాట పడేది మీరు కాదుగా, నేను."

"అయితే ఆ పిల్లిని వదిలించుకో."

"అత్తయ్య ప్రాణమండీ అది. తిరిగే రోజుల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకోకుండా ఒక్క పూటైనా టీ తాగారా?"

"ఇప్పుడు ఒళ్ళో పిల్లి ఉందో ఇటుక ఉందో అమ్మకి తెలుస్తుందా?"

వేసవిలో పక్షవాతం వచ్చినప్పటి నుంచీ అత్తగారు కిను నోరు విప్పలేదు. చెయ్యి కదపలేదు. ఇక కదిలే ఆశ లేదన్నాడు డాక్టరు. దగ్గు పట్టుకున్నాక పిల్లిని గదిలోకి రానివ్వద్దన్నదీ ఆయనే. ఆవిడకు అలవాటైన, నేలంతా చాపలు పరిచిన గదిలోనే, వెలుతురు తగులుతుందని తలుపును ఆనించి నేల మీద పరుపు వేసింది తమాకి. అప్పటి నుంచీ గోమా మకాం వసారాలో, ఆ తలుపు దగ్గరే.

సంచి సర్దాక తమాకి జిగురు గిన్నె తెచ్చుకుంది. గులాబీరంగు కాగితాన్ని చెర్రీ పువ్వులా కత్తిరించి చిరుగు మీద అతికించింది. అప్పటికే తలుపు అడుగంతా పూలతోటలా ఉంది. కొత్త చిరుగు ఎప్పుడూ పాత పువ్వు మీదే పడేది.

"పంతం చూడండి దీనికి! నేను అతికించిందే చించుతుంది."

గోకడానికి వేరే చోటుంటే తలుపు జోలికి రాదేమోనని గుంజకు జనపతాడు చుట్టింది. గోమా ఆ తాడును కసితీరా గోకి, తిరిగొచ్చి తలుపు దగ్గరే కూర్చుంది. నారింజ తొక్కల వాసన పిల్లులకు పడదని పక్కింటావిడ చెబితే తలుపు పొడవునా తొక్కలు పరిచింది. మర్నాడు తొక్కలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పువ్వు మాత్రం చిరిగింది.

"దాటి దూకిందన్నమాట. ఎంత తెలివి!" అనుకుంది.

ఆ సాయంత్రం దీపం కింద ఇద్దరూ కలిసి గోమా గోళ్ళు మొదలంటా తీసేశారు.

"ఉండండి, ఆ పెద్ద కత్తెర ఇలా ఇవ్వండి. అత్తయ్య గోళ్ళు కూడా తీసేస్తాను. బాగా పెరిగాయి."

యసుహిదే ఉలిక్కిపడ్డాడు. "చీకటి పడ్డాకా? మతి ఉండే మాట్లాడుతున్నావా? రాత్రిపూట గోళ్ళు తీస్తే కన్నవాళ్ళ చివరి చూపు దక్కదు."

"ఇప్పుడు పిల్లికి తీశాంగా?"

"పిల్లి నన్ను కన్నదా?"

తమాకికి నవ్వొచ్చింది. "సరే, మరి ఎప్పుడు తియ్యను? నేను దుకాణం నుంచి వచ్చేసరికే చీకటి పడుతోంది."

"సెలవు రోజు తీద్దువులే."

సెలవు రోజు బజారు పనులతోనే సరిపోయింది.

గోళ్ళు తీసినా పువ్వులు చిరుగుతూనే ఉన్నాయి. ఇక తమాకికీ ఓపిక చచ్చింది. కొండ మీది తేయాకు తోట ఆసామి పిల్లిని తీసుకెళ్తానన్నాడు. బుట్టలో పెడుతుంటే గోమా ఇల్లెగిరిపోయేలా అరిచింది. అదే సమయంలో గదిలోంచి గొంతు పూడుకుపోయినట్టు ఏదో శబ్దం వచ్చింది. తమాకి లోపలికి పరుగెత్తింది. కిను కళ్ళు తలుపుకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏమైంది అత్తయ్యా? దిండు జారిందా? చలేస్తోందా?"

దిండు సర్దింది. పక్కకు జారిన చేతిని దుప్పటి లోపలికి నెట్టి, మెడ దాకా కప్పి, అంచులు గట్టిగా పరుపు కిందికి దోపింది. ఆమె బయటికి వచ్చేసరికి ఆసామి కారు మలుపు తిరిగిపోయింది.

మర్నాటి నుంచి ఒక్క చిరుగూ లేదు.

"చూశావా?" అన్నాడు యసుహిదే. "అంతా ఆ దొంగపిల్లి పనే. నా మాట ముందే వినుంటే నీకింత చాకిరీ తప్పేది."

తమాకికి గుండెల మీంచి బరువు దిగింది. పాత కాగితం తడిపి ఊడదీసి, తెల్లటి కొత్త కాగితం అతికించింది. ఆ వారమే కిను గంజి మింగడం మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది. చలి ముదిరిందిగా, కొన్నాళ్ళు అలాగే ఉంటుందన్నాడు డాక్టరు.

ఇద్దరూ పనికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కిను ఒంటరిగా పోయింది.

"రాత్రిపూట గోళ్ళు తియ్యలేదే!" యసుహిదే తల బాదుకున్నాడు. "అయినా చివరి చూపు దక్కలేదే!"

మర్నాడు పొద్దున్నే అతని అక్క మసాయో దిగింది. తల్లి దగ్గర కూర్చుని ఏడ్చింది. కాస్త తేరుకున్నాక ఇల్లంతా కలయజూసింది. ఆమె చూపు తలుపు మీద ఆగింది.

"ఎంత శుభ్రంగా ఉంచావమ్మా! మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లంటే ఎవరూ నమ్మరు. అమ్మ అదృష్టవంతురాలు."

ఆవిడ నోట మెచ్చుకోలు వినడం తమాకికి అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని తలవంచింది.

"ఒళ్ళు తుడిచి, గోళ్ళు కూడా తీసెయ్యి. చక్కగా సాగనంపుదాం," అంది మసాయో.

కొత్త కాగితం గుండా పొద్దుటి ఎండ తెల్లగా పడుతోంది. తమాకి కత్తెర తీసుకుని పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. దుప్పటి అంచు తీసి, తలుపు వైపున్న చేతిని బయటికి తెచ్చింది. బిగుసుకున్న పిడికిలిని ఒక్కో వేలూ మెల్లగా విప్పింది.

ప్రతి గోటి కిందా గులాబీరంగు కాగితం ఇరుక్కుని ఉంది.