జంట డిస్కు

దగ్గరికి జరగండి, ఆ టీవీ నోరు కాసేపు మూయించండి. ఇది మా మనవడి రిపేరు కొట్టులో జరిగింది.

"ఇందులో మా అమ్మ గొంతుంది నాయనా," అంటూ ఒకావిడ గుడ్డలో చుట్టిన కంప్యూటరు డిస్కును బల్ల మీద పెట్టింది. "పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకుంది. నాకు చెవులు మందగిస్తున్నాయి. పూర్తిగా మూసుకుపోకముందే ఒక్కసారి వినాలి."

మనవడు దానికి తీగ తగిలించి తెర మీదికి వంగాడు.

"ఇది జంటలో ఒకటమ్మా. చివర్న రాసుంది."

"చివర్నా? పేరు మొదట్లో కదా రాస్తారు?"

"మొదట్లో రాస్తే లోపలి సరుక్కి అడ్డం. అందుకే ఈ రకానివి తమ జత ఎవరో ఆ చివరి మూలన రాసుకుంటాయి, కొంగున ముడేసుకున్నట్టు. రెండోది ఎక్కడుంది?"

ఆవిడ మొహం ముడుచుకుంది. "చెల్లెలి దగ్గర. అమ్మ పోయాక కంప్యూటరు విప్పించి చెరొకటి తీసుకున్నాం. మంచి పాటలన్నీ దాని సగంలోకి పోయాయని నేను, నా సగంలోకే వచ్చాయని అది. మాటా మాటా పెరిగింది. అంతే, మళ్లీ మొహాలు చూసుకోలేదు."

మనవడు తల గోక్కున్నాడు.

"జంటను విడదీసి చూడ్డం నాకిష్టం ఉండదమ్మా. ఇద్దరూ రండి."

"అది రాదు. మొండిఘటం."

"మీరు పిలిచి చూశారా?"

ఆవిడ డిస్కును అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఇద్దరూ వచ్చారు. అక్క ఒక మూల, సంచి ఒళ్లో పెట్టుకుని చెల్లెలు ఇంకో మూల కూర్చున్నారు.

"ఇంత లావయ్యావేమే?" అంది అక్క.

"నీకు చెవుడొచ్చింది, నాకు ఒళ్లొచ్చింది. ఎవరి వాటా వాళ్లది."

మనవడు నవ్వాపుకుంటూ చెల్లెలి డిస్కు అందుకుని బల్ల వెనక్కి వెళ్లాడు. కాసేపటికి స్పీకర్లోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. దాని మీదుగా వాళ్లమ్మ కూనిరాగం. ఉన్నట్టుండి రాగం ఆపి, "జడలు వదలండే, ఇద్దరికీ పడతాయి," అని కసిరింది. మళ్లీ పాడింది.

చెల్లెలు కుర్చీ లాక్కుని అక్కకు వినబడే చెవి పక్కన చేరింది. పాట ఎక్కడా తెగలేదు.

"చూశావా, రెండు సగాలూ కలిస్తే ఎంత నిండుగా ఉందో," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

ఇది గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు చివరి మాట మాత్రం మింగెయ్యకండి.

అమ్మ పాటలన్నీ ఏ డిస్కుకా డిస్కులో నిండుగానే ఉన్నాయి; చెల్లెలి దానికి మావాడు తీగే తగిలించలేదు.