రగ్గు దొంగ

తెల్లారి చూసేసరికి అమ్మ మీద కొత్త రగ్గు లేదు.

దాని బదులు ఓ పాత బొంత కప్పి ఉంది. పసుపు మామిడిపిందెల అంచున్న నీలం నేతచీరని మడతలు పెట్టి, దగ్గర దగ్గర కుట్లేసి కుట్టిన బొంత.

సీతాలుకి ఒళ్ళు మండిపోయింది. పోర్టు రోడ్డు వంతెన కింద బతుకుతున్నవాళ్ళకి మొన్ననే ఎవరో వ్యాన్లో వచ్చి మెత్తటి రగ్గులు పంచి, ఫొటోలు తీసుకుని పోయారు. అమ్మ చిలకమ్మకి డెబ్బై దాటాయి. చలిగాలి తగిలితే దగ్గు, దగ్గితే ఊపిరాడదు. ఈ పుష్యమాసం అమ్మని గట్టెక్కించాలి. సీతాలుకి ఇంకో కోరిక లేదు.

దొంగ దూరం పోలేదు. అవతలి స్తంభం దగ్గర ఇంకో రగ్గు గోనెసంచిలో కుక్కుతున్నాడు. బక్కచిక్కిన ముసలాడు, మాసిన గడ్డం.

"ఏటి సేత్తన్నావ్?" సంచి లాక్కుంది సీతాలు.

"ఈ రగ్గులు వద్దమ్మా. రవ్వ పడితే గుప్పున అంటుకుంటాయి. కరిగి ఒంటికి పట్టేస్తాయి. నూలు బొంతైతే లాగి పారెయ్యొచ్చు."

"మంటేసుకోకుంటే మాయమ్మ బతుకుద్దేటి?"

"దూరంగా వేసుకోండి. టైరు ముక్కలు మాత్రం వద్దు, రవ్వలెగురుతాయి."

లారీ క్లీనరు పైడయ్య కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఈడి మాట నమ్మకు సీతాలప్పా. నాను సూసినాను కదా, రోజూ సాయంత్రం శ్మశానం గేటుకాడ కూసుంతాడు. శవాల మీద సీరలేరి బొంతలు కుడతన్నాడు. మన రగ్గులు మద్దిలపాలెంలో అమ్ముకుంతాడు."

"నిజమేనా? శ్మశానం కాడ కూసుంతావా?"

ముసలాడు బొంకలేదు. "కూర్చుంటానమ్మా" అన్నాడు.

చచ్చినోళ్ళ బట్ట బతికున్న అమ్మ మీదా! సీతాలు బొంత తీసుకెళ్ళి మురిక్కాలవలో గిరాటేసింది. పైడయ్య ముసలాడి రెక్క పట్టుకుని రోడ్డు మీదికి తోశాడు.

ముసలాడు తిట్టలేదు. నల్లనీళ్ళలో మునుగుతున్న బొంతని చూస్తూ నిలబడి, కళ్ళు తుడుచుకున్నాడు. నాటకాలు, అనుకుంది సీతాలు.

"మంటకి దూరంగా పడుకోబెట్టమ్మా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ చుట్టుపక్కల కనిపించలేదు.

తిరిగొచ్చిన రగ్గుని చెంపకి ఆనించుకుని చిలకమ్మ పైకి చూసి నవ్వింది. వాళ్ళ గూటికి కప్పు ఓ పాత ఫ్లెక్సీ. సీతాలు ఎక్కడో ఏరుకొచ్చింది. సగం బొంగుకి చుట్టుకుపోయి, మిగతా సగంలో ఉంగరాలున్న రెండు చేతులు ఓ రగ్గు అందిస్తున్నట్టు కనిపిస్తాయి.

"మన సావుకారిని సూడే. మూడేళ్ళనుంచీ ఇత్తానే ఉన్నాడు, ఇప్పటికి సేతికందింది."

మూడో రోజు చలి మరీ ఎక్కువైంది. తెల్లారుతూనే బిందె పట్టుకుని కుళాయికి బయల్దేరింది సీతాలు. అమ్మ వణుకుతోందని, వెళ్ళేముందు టైరు ముక్కల మంటని తన చేత్తోనే అమ్మ దగ్గరికి జరిపింది.

బిందె నిండకముందే కేకలు వినిపించాయి.

పెద్దాసుపత్రిలో నర్సమ్మ రగ్గుని కొంచెం కొంచెంగా ఒలుస్తోంది. దానితో పాటే చర్మం వస్తోంది.

"నూలుదైతే ఇంత పని జరగదమ్మా. మూడేళ్ళ కిందట కూడా ఇలాంటి రగ్గుతోనే రోడ్డు పక్క పడుకునే ఒకావిడ కాలి వచ్చింది. రగ్గు దానమిచ్చినాయన కారులో వచ్చి, ఈ గుమ్మంలోనే కూలబడిపోయాడు. ఆవిడ పోయాక కూడా ఆయన్ని అక్కణ్ణించి కదిలించడం మా వల్ల కాలేదు."

సీతాలు చెవికి ఏదీ ఎక్కడం లేదు.

"సలేత్తందే సీతాలూ" అంది చిలకమ్మ. ఒళ్ళంతా కాలిపోయిన మనిషి అదొక్కటే అంటూ, మర్నాడు సాయంత్రానికి పోయింది.

దహనం అయ్యాక సీతాలు గూటికొచ్చింది. అమ్మ లేని చోట ఇంక ఉండలేననుకుంది. తాళ్ళు తెంచి ఫ్లెక్సీ కిందికి లాగింది. బొంగుకి చుట్టుకున్న సగం విచ్చుకుంది.

మొదట దండ వేసిన ఆడమనిషి ఫొటో కనిపించింది. ఆమె కట్టుకున్నది నీలం నేతచీర. పసుపు మామిడిపిందెల అంచు.

సీతాలు ఆ అంచుని వేలితో తడిమింది.

"పైడయ్యా, ఇక్కడేటి రాసుందో సదువు."

పైడయ్య కూడబలుక్కుని చదివాడు. "కీర్తిశేషులు కుసుమకుమారి గారి జ్ఞాపకార్థం... భర్త రమణమూర్తి గారిచే... పేదలకు రగ్గుల పంపిణీ."

ఆ ఉంగరాల చేతులకి పైన, గడ్డం లేని నిండు ముఖంతో నవ్వుతున్నవాడు తను తరిమేసిన రగ్గు దొంగే.