కుదరని గురి

"మందు తగ్గించా," అన్నాడు బాలకోటయ్య.

"మంచిదే మామా. అత్త చానా సంతోషపడుద్ది," అన్నాడు తౌఫీక్.

"తాగే మందు కాదురా. తుపాకి మందు."

తౌఫీక్ నవ్వాడు. బాలకోటయ్య నవ్వలేదు. కంసాలి తక్కెడలో తూచిన మందు గొట్టంలో పోసి, కొబ్బరిపీచు దూర్చి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాడు. నెలరోజులుగా ఇదే పని. ఒకనాడు మందు మారుస్తాడు, ఇంకోనాడు పీచు మారుస్తాడు. గుండును అరచేతిలో తిప్పి తిప్పి చూస్తాడు.

మొక్కజొన్న చేను సగం అడవిపంది పాలైంది. కిందటేడు ఆ ఒంటరి పందిని కొడితే గుండు దాని వీపు గీరుకుని పోయింది. అది తిరగబడి అతని తొడ చీల్చేసింది. దాని కోసం మళ్లీ వాగు కంపల్లోకి దిగుతానని కూర్చున్నాడు. ఒక్క గుండు తుపాకి. రెండోసారి దట్టించే వ్యవధి ఉండదు. అందుకే మూడు గుండ్లూ ఒకేచోట పడేదాకా వాగులోకి దిగనని భార్యకు మాట ఇచ్చాడు. ఆ మాట ఇచ్చేదాకా రాములమ్మ అన్నం ముట్టలేదు.

పందిని కొట్టడానికి అటవీశాఖ ఇచ్చిన పర్మిషను ఇవాళ్టితో ఆఖరు.

గట్టు మీద ఇసుక బస్తాకు తుపాకి ఆనించాడు. దూరంగా తుమ్మ మొద్దుకు కట్టిన అట్ట మీద బొగ్గుతో దిద్దిన నల్లచుక్క. కాల్చడం, గొట్టం తుడవడం, మళ్లీ తూచడం. మూడో దెబ్బ పొగ తేలిపోయేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

"నేను చూసొస్తా," తౌఫీక్ లేచాడు.

"నువ్వు కూచోరా. టీ చల్లారిపోద్ది," అంది రాములమ్మ, గడ్డిగంప చంకనేసుకుంటూ. "ఎట్టాగూ బర్రెకు గడ్డి కొయ్యాల."

"ఇయ్యాల నేను పోతానే," బాలకోటయ్య కర్ర అందుకున్నాడు.

"వాగు దాకా నడవాల్సిన కాలయ్యా అది. ఇక్కడే అరగదీస్తావా?"

అతను కర్ర పక్కన పెట్టాడు. ఆమె అట్ట విప్పుకుని, చేను చాటుకు గడ్డి కోయను పోయింది. చాలాసేపటికి నెత్తిన గంప, చేతిలో అట్టతో వచ్చింది.

"ఏందే?"

ఆమె అట్టను అతని ఒళ్లో పెట్టింది. ఒక చిల్లు పైమూల. ఒకటి కిందమూల. మూడోది నల్లచుక్కకు జానెడు ఎడంగా.

"నీ చెయ్యి వణకలా. తుపాకి కదల్లా. పక్కనే చూస్తన్నా గదా," అన్నాడు తౌఫీక్. అట్ట అందుకుని తిప్పి చూశాడు. "అంచులకు ఈ మసేంది మామా?"

"తుపాకి దెబ్బకు మసి కాక పసుపంటుద్దా?" రాములమ్మ కసిరింది. "బైకులు బాగుచేసుకునేవోడివి, నీకెందుకురా గుండ్ల సంగతి?"

"అదీ నిజమేలే అత్తా."

బాలకోటయ్య ఆ మూడు చిల్లుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. తర్వాత తక్కెడ మడిచి సంచిలో పెట్టాడు.

"కుదర్లేదే," అన్నాడు. "తుపాకిది కాదు తప్పు. నా కళ్లే పోయినట్టున్నయ్."

"పోతే పోనీలేయ్యా."

"వాగు దాకా దింపుదామని బండి కూడా తెచ్చా మామా," తౌఫీక్ గొణిగాడు.

"అదే బండి మీద మాచర్ల పోయి కంచెకు తీగ పట్రా. ఇంక నావల్ల కాదు."

రాములమ్మ వంగి తుపాకి అందుకుంది. గంప మళ్లీ నెత్తికెత్తుకుంది.

ఇంటికి వచ్చాక అతని కాలు కాపడానికి నీళ్లు పెట్టింది. గంపలో గడ్డి బర్రెకు వేసి, అడుగున దాచిన అసలు అట్టను పొయ్యిలోకి తోసింది. మసిపట్టిన ఊదుగొట్టం తీసుకుని, మంట లేచేదాకా ఊదింది.

కాలుతున్న నల్లచుక్కలో మూడు గుండ్లకూ ఒకటే చిల్లు.