అరుపు ఆపితే బిస్కెట్టు

కాలింగ్ బెల్ మోగింది.

దొర ఒక్క ఉదుటున లేచింది. సోఫా మీంచి టీపాయ్ మీదకి, టీపాయ్ మీంచి మేనేజరు గారి కాఫీ మీదకి, అక్కణ్ణుంచి గ్రిల్ తలుపు మీదకి. ఇక మూడంతస్తులకీ వినబడేలా ఒకటే మొరుగుడు.

"నో! దొరా, నో! సిట్!" అని మేనేజరు గారు దానికంటే గట్టిగా అరిచారు.

ఆ ఇంట్లో మనుషులు మనుషులతో తెలుగే మాట్లాడతారు. కుక్కతో మాత్రం ఇంగ్లీషు.

"ఎవరే?" అని భార్యని అడిగారు.

"పార్సిలండీ. సబ్బు పెట్టె."

"నిన్న వచ్చిందిగా?"

"దాని రంగు బాలేదు. ఇవాళ అది వెనక్కి తీసుకెళ్తాడు."

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఒక చూపు చూసి మూసుకుంది.

మేనేజరు గారికి తల కొట్టేసినట్టయింది. బ్యాంకులో ఇరవై మంది ఆయన మాట వింటారు. ఇంట్లో వినే అవకాశం ఉన్నది కుక్క ఒక్కటే. అదీ వినడం లేదు.

అప్పటికే అపార్ట్‌మెంట్ కమిటీ నోటీసు వచ్చి వారమైంది. నెల గడువు. నెలాఖరున సెక్రటరీ వచ్చి బెల్ కొడతాడు. దొర రచ్చ చేసిందా, ఆ సాయంత్రానికల్లా దాన్ని బిల్డింగు దాటించాలి.

"అసలు అప్పటికప్పుడే పంపించేయమనేవాళ్ళు. నా మొహం చూసి నెల ఇచ్చారు," అన్నారు మేనేజరు గారు.

ఆవిడ దొర తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పిల్లల్లేని ఇల్లు. ఆ ఇంట్లో పరిగెత్తేది అదొక్కటే.

దొర ఎవర్ని చూసి అరుస్తోందో తెలుసుకుందామని నాలుగో వారంలో తలుపు పైన కెమెరా పెట్టించారు. అందులో పార్సిళ్ళు తెచ్చే మనిషి కనిపించాడు.

జుట్టు నెరిసినవాడు. వచ్చీ రాగానే బెల్ కొట్టలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. దొర అరిచింది. అతను గోడ వైపు చూశాడు. ఊపిరి తీసుకోడానికి అది ఒక్క క్షణం ఆగిందో లేదో, గ్రిల్ సందులోంచి ఏదో లోపలికి విసిరాడు. అరిస్తే గోడ. ఆగితే విసురు. ఇలా కాసేపయ్యాకే లేచి బెల్ కొట్టాడు.

"మత్తుమందే! ముందు కుక్కని మచ్చిక చేసుకుని తర్వాత ఇల్లు దోచుకుంటారట. వీడియో చూశాను."

"మనింట్లో ఏముందండీ దోచుకోడానికి?"

"నువ్వు అన్నీ వెనక్కి పంపకపోతే ఉండేది."

మర్నాడు మేనేజరు గారు గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఏం పెడుతున్నావయ్యా మా కుక్కకి?"

"బిస్కెట్ ముక్క సార్. అరిస్తే పెట్టను. ఆపితేనే. ఆపితే మంచి జరుగుతుందని దానికి తెలియాలి కదండీ."

"లంచమన్నమాట!"

"కాదండీ, మెచ్చుకోలు. తిడితే దానికి బెల్లంటే భయం పెరుగుతుంది. మీరు అరిచారనుకోండి, మా అయ్యగారు కూడా నాతో కలిసి మొరుగుతున్నారనుకుంటుంది."

"అంటే నేను మొరుగుతున్నానా?"

అతను గోడ వైపు చూశాడు. మేనేజరు గారికి ఇంకా మండింది.

"ఇప్పుడు బెల్ మోగినా కూర్చుంటోంది సార్. ఇంకో మూడు రోజులైతే అలవాటు గట్టిపడుతుంది."

"మరి మేం ఎదురుగా ఉంటే కూర్చోదే?"

"అది కూర్చునేలోపే మీరు 'నో' అంటారు కదండీ."

ఆవిడకి నవ్వొచ్చింది. దగ్గులోకి మార్చుకుంది.

ఆ రోజే ఫోన్లో పార్సిల్ కంపెనీకి ఫిర్యాదు వెళ్ళింది. "కుక్కకి మందు పెడుతున్నాడు." కింద ఫోటో. రెండు గంటల్లో జవాబొచ్చింది. "మీ సమస్య పరిష్కరించాం. ఆ వ్యక్తిని పనిలోంచి తీసేశాం. మా సేవకి ఎన్ని స్టార్లిస్తారు?"

మేనేజరు గారు ఐదూ ఇచ్చారు.

నెలాఖరు వచ్చింది. బెల్ మోగింది.

మేనేజరు గారు నోరు తెరిచారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీరు నోరు మూసుకోండి."

ఇరవయ్యేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. ఆయన మూసుకున్నారు.

దొర తలుపు దాకా పరిగెత్తింది. కూర్చుంది. కిక్కురుమనలేదు. తల పక్కకి వాల్చి, సెక్రటరీ గారి చేతి వైపే ఆశగా చూస్తోంది.

"భలే! ఎలా నేర్పారు సార్?" అన్నాడు సెక్రటరీ.

"ఏముందండీ, క్రమశిక్షణ. గొంతులో అధికారం ఉండాలి," అన్నారు మేనేజరు గారు, భార్య వైపు చూడకుండా.

ఆవిడ వంటింట్లోకెళ్ళి బిస్కెట్ తెచ్చి దొరకి పెట్టింది. అది తోకాడించింది గానీ, మెట్ల వైపు ఇంకెవరి కోసమో చూస్తూనే ఉంది.

"దొర ఇక్కడే ఉండొచ్చు. ఆ కరిచిన కేసు కూడా మూసేస్తే నాకూ పనైపోతుంది," అన్నాడు సెక్రటరీ, ఫైల్లోంచి కాగితం తీస్తూ.

"కరిచిందా? ఎవర్ని?"

"నోటీసుకి ముందురోజు. మీరు ఫోన్లో మాట్లాడుతూ గొలుసు వదిలేశారట. ఇది మెట్లు దిగి ఒకాయన చెయ్యి పట్టేసింది. ఆరు కుట్లు. ఆ సాయంత్రమే దీన్ని పంపించేద్దామన్నాం. ఆయనే అడ్డం పడ్డాడు."

"అడ్డం పడ్డాడా?"

"భయపడి కరిచింది, భయం నేను పోగొడతాను, నెల రోజులివ్వండి అని బతిమాలాడు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. చెబితే మీరు కుక్కని కొడతారట."

ఆవిడే అడిగింది.

"ఎవరండీ ఆయన? ఎక్కడుంటారు?"

"ఎక్కడుంటాడో నాకేం తెలుసమ్మా, రోజూ మీకు పార్సిళ్ళు తెచ్చే మనిషేగా, రేపొచ్చినప్పుడు దీని మీద ఒక సంతకం పెట్టించండి," అని కాగితం ఆవిడ చేతిలో పెట్టి సెక్రటరీ మెట్లు దిగిపోయాడు.