ఆగకుండా చెప్పాలె

"మళ్ళ ఆగినవ్ ముయా," అంది దుర్గాభవాని, ఫోనులో ప్రాక్టీసు యాప్ ఆపేస్తూ. "ప్రశ్న వినంగనే నోరు తెరవాలె. నువ్వు ఆలోచిస్తున్నవని దానికి తెల్వది. జవాబు రాదనుకొని మార్కులు కోస్తది."

"ఆలోచించకుండ ఎట్ల చెప్పాలె మేడం?" అన్నాడు ముయా తల వంచుకుని.

"ముందు తల ఎత్తు. కెమెరాలోకి చూడు. నవ్వు."

కొంటాలోని ఆ ట్రైనింగ్ సెంటర్లో ఇంటర్వ్యూలకు తయారు చేసేది దుర్గాభవాని ఒక్కతే. జగదల్‌పూర్‌లో ఒక కంపెనీ ఉంది. రైతులు అక్కడికి ఫోన్ చేస్తే ఏఐ మాట్లాడుతుంది. అక్కడి గిరిజనుల దోర్లీ మాట దానికి అర్థం కానప్పుడు ఆ ఫోను ఒక మనిషికి వెళ్తుంది. ఆ మనిషి కోసమే ఇప్పుడు వెతుకుతున్నారు. మరైగూడ పక్క పల్లె నుంచి వచ్చిన ముయాకి దోర్లీ ఇంటి భాష. తెలుగు, హిందీ కూడా బాగానే వచ్చు. కానీ ఇంటర్వ్యూ చేసేది కూడా ఏఐయే. సెంటర్ పిల్లల్లో ఇంతవరకు ఒక్కరూ దాని ముందు గట్టెక్కలేదు. ఈసారీ ఎవరూ నెగ్గకపోతే సెంటర్ ఎత్తేస్తామని పైనుంచి చెప్పేశారు.

అందుకే మిగతావాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆమె ముయాని కూర్చోబెట్టేది. జవాబుకి ముందు "అంటే..." అనడం మాన్పించింది. మాటల మధ్య గుటక వేయడం మాన్పించింది. మాట చివర సాగే యాసను కత్తిరించింది. మొదట్లో ఎర్ర గీతలే చూపించిన యాప్, పోను పోను పచ్చ గీతలు చూపించసాగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఒక మధ్యాహ్నం ముయా తల్లి మంగి వచ్చింది. తునికాకు కోతకి మనిషి కావాలి, కొడుకుని తీసుకుపోతానంది.

"ఇంకొక్క వారం ఆగమ్మా. ఇంటర్వ్యూ ఉంది," అంది దుర్గాభవాని.

మంగి గుమ్మంలోనే చతికిలపడింది. "ఆకు సంగతి పోనీ. వీనికి ఏం నేర్పుతున్నరమ్మా ఇక్కడ?"

"ఏమైంది?"

"మొన్న వీని తాత సచ్చిపోయిండు. ఎట్ల పోయిండురా అని చుట్టాలు అడిగిన్రు. వీడు నవ్వుకుంట చెప్పిండు. ఏడ ఆగలె. గుక్క కూడ తిప్పుకోలె. మా తమ్ముడు అన్నం ముందట నుంచి లేచి ఎల్లిపోయిండు."

దుర్గాభవాని లోపలికి చూసింది. ముయా బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"మీ తాత పోయిండని నాకెందుకు చెప్పలె?"

"చెప్పిన మేడం. ఈ మధ్య నీకొచ్చిన కష్టమేందో చెప్పమని మీరు ప్రాక్టీసుల అడిగిన్రు గద. అప్పుడు చెప్పిన. మస్తు చెప్పినవన్నరు."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు పచ్చ గీత మొదటిసారి చివరిదాకా పోయింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. అతను ఏం చెప్పాడో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"నౌకరీ రానీయమ్మా," అంది మంగి వైపు చూడకుండా. "అటెన్క వీడు మామూలుగనే మాట్లాడుతడు. నాది పూచీ."

మంగి లేచి, కొడుకుని వదిలేసి ఒక్కతే వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ నాడు దుర్గాభవాని తలుపు బయట నిలబడింది. హిందీలో ప్రశ్న వినపడడం, వెంటనే ముయా అందుకోవడం. అతని గొంతు ఎక్కడా తడబడలేదు. బయటికి వచ్చాక, "ఒక్క ప్రశ్న కూడ వదల్లె మేడం," అన్నాడు. ఆమె అతని భుజం తట్టింది.

ఫలితం వస్తుందన్న రోజు మంగి కూడా వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ముయా ఫోను మోగింది. చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోను మేడం చేతిలో పెట్టాడు.

అన్ని ప్రశ్నలకూ నిండుగా మార్కులున్నాయి. మార్కుల కింద రెండు వాక్యాలు. అవి చదివి దుర్గాభవాని ఫోను ముయాకి తిరిగిచ్చేసింది.

"ఏమన్నరు అమ్మా? తీసుకున్నరా?" అంది మంగి.

తల్లికి ముయానే చెప్పాడు.

"జవాబులు చెప్పింది మెషినట అవ్వా. వాళ్ళకి మనిషి కావాలెనట."