సూర్యోదయానికి ఉన్నవాళ్లు

1991 జనాభా లెక్కల ఆఖరి రోజు. రాసిన ఇళ్లనే మళ్లీ సరిచూస్తూ తిరిగిన జయశీల టీచరు, శంషాబాద్‌లో చివరి ఇంటి అరుగు మీద కూలబడింది.

"పోయిన నెల నలుగురని రాసిన. ఇప్పుడెంతమంది?"

"నలుగురమే," అన్నాడు అనంతయ్య. "నడుమ ఆడపిల్ల పుట్టింది. మూడో తారీఖు పోయింది. పేరు గూడ పెట్టలే. ఇగ రాసేదేముంది?"

"పుట్టిందెప్పుడు?"

"ఒకటో తారీఖు, ఇంక తెల్లారలే."

జయశీల నీరసంగా పెన్ను తీసింది. "ఆ రోజు సూర్యోదయానికి ఉన్నోళ్లందర్నీ రాయాలె. తర్వాత పోయినా కొట్టెయ్యద్దు. మల్ల లెక్కలు పదేండ్లకే."

లోపల పడుకున్న బాలింత మెల్లగా లేచి కూర్చుంది.

"పదేండ్లు నీ కాయితంల ఉంటదా అక్కా? జర ఆగు. పేరు పెడ్త."